ఈల పడేదాకా

"అవతల ముగ్గురే ఉండారు. లోపలికి పో," అని పీడీ హనుమేష్ సారు కోర్టు బయటి నుంచి చెయ్యి ఊపాడు.

అది ఆఖరి కూత. శివజ్యోతి పోయింది. ముగ్గురూ కలిసి ఆమెను పట్టేశారు. వెంటనే ఈల పడింది. అంతవరకూ ఒక్క పాయింటు ముందున్న నందికొట్కూరు అమ్మాయిలు కడపలో జరిగిన కబడ్డీ ఫైనల్లో ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

శివజ్యోతి మోచేతి మట్టి దులుపుకుంటూ వచ్చి సారు పక్కన కూర్చుంది.

"వచ్చే ఏడు కొత్తోళ్లను ఏరుకోవాల," అన్నాడు సారు.

"ముగ్గురుండంగా దొరికితే వాళ్లకు రెండు పాయింట్లని మీరే కదా సార్ నేర్పింది."

"నేనే."

"లోపలి గీత తొక్కి ఎనక్కి వచ్చింటే గెలిచింటిమి."

"గెలిచింటిమి."

"మరి ఎందుకు పొమ్మంటిరి?"

సారు నీళ్ల సీసా మూత బిగించాడు. "మాది బండలాగుడు ఎద్దులుండే ఇల్లు పాపా. అందరికన్నా ముందుండినా సరే, ఈల పడేదాకా మా నాయన ఎద్దుల్ని ఆపనిస్తా ఉండ్లేదు."

"ప్రైజులు బాగా వచ్చింటాయే."

"రాలేదు. కడకు ఎద్దులు పండుకుంటాండె. పండుకుంటే పోటీలోంచి తీసేస్తారు."

"అప్పుడు మీ నాయన ఏం చేస్తాండె?"

"ఇవి మంచివి కాదని అమ్మేసి, కొత్త జత తెస్తాండె."

సారు మట్టిలో కూలబడిన మిగతా అమ్మాయిల వైపు శానాసేపు చూశాడు.

"ఎద్దులు మంచివే," అన్నాడు.