ఒప్పుకోలు

“ఒప్పుకోరా లీవెన్. తీసుకున్నానని ఒక్క మాట చెప్పు. నాకది చాలు.”

లీవెన్ తల పైకెత్తలేదు. ముందున్న సూపు ఎప్పుడో చల్లారిపోయింది.

బయట వాన కురుస్తోంది. శనివారం మధ్యాహ్నం ఒమేర్ కేఫ్ మూసి ఉండటం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. బెల్జియంలోని ఈ ఫ్లాండర్స్ ప్రాంతంలో వసంతం వచ్చిందంటే సైకిల్ రేసులే. రేసులంటే కేఫ్ నిండా జనం, అరుపులు, బీరు. అయినా ఈరోజు ఒమేర్ తలుపుకు గడియ వేసి, కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

లీవెన్ జీతానికి సైకిల్ తొక్కే రేసర్. కిందటి నెల ఒక రేసులో గెలిచాడు. ఆ సాయంత్రం తీసుకున్న మూత్రం నమూనాలో నిషేధించిన హార్మోన్ దొరికింది. గర్భిణుల ఒంట్లో పుట్టే హార్మోన్ అది. బలం కోసం కొందరు రేసర్లు దాన్ని సూదితో ఎక్కించుకుంటారు.

నేను తీసుకోలేదన్నాడు లీవెన్. అదే రోజు తీసి సీలు వేసి ఉంచిన రెండో సీసా తెరిచారు. అందులోనూ అదే. జట్టు వాళ్ళు అతన్ని ఇంటికి పంపేశారు.

ఊరి చివర రాళ్ళు పరిచిన ఎత్తు రోడ్డు మీద అభిమానులు అతని పేరు తెల్లరంగుతో పెద్దగా రాసుకున్నారు. ఆ పేరు పక్కన ఎవరో సూది బొమ్మ గీశారు. కేఫ్ గోడ మీద ఉండే అతని ఫోటోను అభిమాన సంఘం వాళ్ళే వచ్చి దించుకుపోయారు.

“ఏం ఒమేర్ మామా, మీవాడికి ఎన్నో నెల?” అన్నాడు నిన్న ఒకడు. కేఫ్ అంతా పగలబడి నవ్వింది.

ఒమేర్ వాడి చేతిలోంచి గ్లాసు లాక్కుని, బీరంతా సింకులో ఒంపేశాడు.

“నా కొడుకు అలాంటివాడు కాదు. నడు బయటికి!”

అది నిన్నటి మాట.

“నిన్నటిదాకా నా తరఫున ఊరందరితో కొట్లాడావు. ఈరోజు నీకేమైంది నాన్నా?” అన్నాడు లీవెన్.

“మా కాలంలో ఎవడు తీసుకోలేదురా? నేను తీసుకున్నా. నాతో తొక్కినవాళ్ళంతా తీసుకున్నారు. ఇందులో సిగ్గుపడేదేముంది?”

“నేను తీసుకోలేదు.”

“జట్టు వాళ్ళు పొడిచారా? విటమిన్లని చెప్పి ఎక్కించారా? గుర్తు తెచ్చుకో.”

“నా ఒంట్లో ఎవర్నీ సూది గుచ్చనివ్వలేదు. విటమిన్లు కూడా వద్దన్నా. అందుకే నన్ను పాస్టర్ గారని ఏడిపించేవాళ్ళు.”

“పోనీ, మాత్రలు? ఏ చుక్కలైనా?”

“లేదు.”

ఒమేర్ బల్ల మీద గుద్దాడు. సూపు ఒలికింది.

“అబద్ధం! తీసుకునే ఉంటావు! ఏదో ఒకటి తీసుకోకుండా అది లోపలికెలా వస్తుందిరా?”

ఆ మాటతో లీవెన్ మొహం తెల్లగా పాలిపోయింది. పేపర్ల వాళ్ళు అన్నారు, జట్టు వాళ్ళు అన్నారు. ఇంత నొప్పి పుట్టలేదు. ఏదో చెప్పబోయి దగ్గు తెర రావడంతో ఆగిపోయాడు. అది తగ్గేదాకా ఒమేర్ కొడుకు వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

“నా చిన్నప్పుడు నువ్వు రేసు నుంచి వచ్చి బాత్రూంలో పడిపోయావు,” అన్నాడు లీవెన్ చివరికి. “పళ్ళు గిట్టకరిచి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే నీ తల అమ్మ ఒళ్ళో పెట్టుకుంది. పాదాలు నేను పట్టుకున్నా. చచ్చిపోతావనుకున్నా నాన్నా. తెల్లారి అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. ఎప్పటికీ ఆ జోలికి పోనని. అమ్మ పోయింది. ఆ ఒట్టు నేనెలా తప్పుతాను?”

ఒమేర్‌కు ఆ ఒట్టు సంగతి తెలియదు. భార్య ఏనాడూ చెప్పలేదు.

“అమ్మ సమాధి మీద చెయ్యి పెట్టి చెప్పమంటావా? పద, ఇప్పుడే వెళ్దాం.”

“వద్దు.”

“నువ్వు అడిగావు కాబట్టి లేనిది ఉన్నట్టు చెప్పలేను. నన్ను జీవితాంతం సైకిల్ ముట్టుకోనివ్వకపోయినా సరే. నేను తీసుకోలేదు.”

ఒమేర్ కొడుకు కళ్ళలోకి చాలాసేపు చూశాడు. ఎక్కడైనా చిన్న అబద్ధం దొరుకుతుందేమోనని వెతికాడు. దొరకలేదు.

“నమ్ముతున్నాను,” అన్నాడు.

లీవెన్ నవ్వాడు. ఈ నెలంతా కలిపి అదే మొదటి నవ్వు.

“ఇంక ఎవరేమనుకున్నా నాకనవసరం. నువ్వొక్కడివి నమ్మావు, చాలు.”

ఒమేర్ కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. తండ్రి ఏడవడం అమ్మ పోయినప్పుడు కూడా లీవెన్ చూడలేదు. వచ్చి తండ్రి తల తన కడుపుకి ఆనించుకున్నాడు.

“ఊరుకో నాన్నా. అంతా అయిపోయిందిగా.”

“కోటు వేసుకో,” అన్నాడు ఒమేర్ కాసేపటికి. “డాక్టర్ పావెల్స్ దగ్గరికి వెళ్దాం.”

“ఎందుకు? ఆయన్ని కూడా నమ్మించాలా?” అంటూ లీవెన్ తేలిగ్గా నవ్వి, కోటు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళాడు.

“నీ కొడుకు మోసగాడే అయ్యుండాలని దేవుణ్ని వేడుకో ఒమేర్,” అని ఆ ఉదయం చెప్పాడు డాక్టర్ పావెల్స్, “వాడు మందు తీసుకోలేదంటే, మగవాడి ఒంట్లో ఆ హార్మోన్ అంతగా పుట్టించేది క్యాన్సర్ ఒక్కటే, వాడి దగ్గు చూస్తే అది ఊపిరితిత్తులదాకా పాకిపోయినట్టుంది.”