సాగుదారు పేరు

"నాది కాదండీ, ఆవిడదే."

"నాది కాదు బాబూ, దీనిదే."

వ్యవసాయాధికారి శ్యాంబాబు పెన్ను పట్టుకుని ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. తుపానుకి దివిసీమలో వరి మునిగిన వాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ జాబితా అది. నాదంటే నాదని జుట్లు పట్టుకునేవాళ్ళని పొద్దుటినుంచీ పంచాయతీ ఆఫీసులో చూస్తూనే ఉన్నాడు. డబ్బు వద్దని పోట్లాడుకునేవాళ్ళు తగలడం ఇదే మొదలు.

"హంసలదీవి రోడ్డు పక్క రెండెకరాలు. పాస్‌బుక్కు కనకదుర్గగారిది. మరి సాగు చేసిందెవరు? వాళ్ళకే డబ్బు. అయిదింటికల్లా పేరు చెప్పకపోతే వెనక్కి పోతుందమ్మా."

"ఈ కృపమ్మే బాబూ. నోటిమాట కౌలు, కాగితం లేదు. నేను సంతకం పెడతాను, రాయండి" అంది కనకదుర్గ.

"అయ్యో, రాయకండి సార్! ఆవిడే సొంతంగా చేయించుకున్నారు. నేను కూలికెళ్ళానంతే."

"చర్చిలో ముందు వరసలో కూర్చునేదానివి, ఇంత అబద్ధం ఎలా ఆడతావే?" కనకదుర్గ గయ్యిమంది. "నీళ్ళలో దిగి, పడిపోయిన దుబ్బులు లేపి కట్టిందెవరు? నేనా? ఈ ఆఫీసు మెట్లెక్కడమే నా మోకాళ్ళకి గగనమైపోయింది!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కృపమ్మ నవ్వలేదు.

"సర్కారు కాగితంలో కౌలుదారని నా పేరెక్కితే ఈవిడ చుట్టాలు ఊరుకుంటారా సార్? రేపు పొలం కాజేస్తుందని నన్ను మానిపిస్తారు. ఈ సబ్సిడీకి ఆశపడితే వచ్చే ఏడు నాకు చేనెక్కడిది?"

శ్యాంబాబు పెన్ను కింద పెట్టాడు. ఆ భయం అతనికి కొత్త కాదు. ప్రతి ఊళ్ళోనూ కౌలుదార్లు చెప్పేదే.

కనకదుర్గ మొహం మాత్రం చిన్నబోయింది. కుర్చీలో కూలబడి, కృపమ్మ చెయ్యి పట్టుకుంది.

"వచ్చే ఏడు లేదే కృపమ్మా. పొలం అమ్మేశాను. ఈ పంట కాగానే గుడివాడ వాళ్ళకి అప్పగించాలి. నీకెలా చెప్పాలో తెలీక ఇన్నాళ్ళూ నోరు రాలేదు. ఈ నాలుగు రూపాయలైనా నీ చేతిలో పడకపోతే నాకు నిద్ర పట్టదే."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. శ్యాంబాబు గబగబా సాగుదారు గడిలో కృపమ్మ పేరు రాసేశాడు. కనకదుర్గ చేత సంతకం పెట్టించి కాగితం కృపమ్మ వైపు జరిపాడు.

కృపమ్మ పెన్ను అందుకోలేదు. ఏడవనూ లేదు.

"తెలుసండీ. మొన్న వాళ్ళొచ్చి చేను కొలుచుకున్నారు. టేపు రెండో కొస పట్టుకుంది నేనేగా."

కనకదుర్గ నిర్ఘాంతపోయింది. "తెలిసే ఉంటే, వచ్చే ఏడు కౌలు పోతుందని ఆ సాకులెందుకే?"

కృపమ్మ తల దించుకుంది.

"పొలం అమ్ముకునేదాకా వచ్చారంటే, నాకన్నా మీరే ఎక్కువ ఇబ్బందిలో ఉన్నారనుకున్నానండీ."