చేతికిచ్చిన ఫ్యూజులు

రూతు టీచర్ బోర్డు మీద బ్యాటరీ, బల్బు, స్విచ్చి బొమ్మ వేస్తోంది. గీత వంకరపోతోంది. భుజానున్న సంచి మాత్రం కింద పెట్టలేదు. అందులో మూడు పింగాణీ ఫ్యూజులున్నాయి.

"దారి ఎక్కడ తెగినా బల్బు వెలగదు. తెగినచోట మళ్ళీ కలిపితే?"

"వెలుగుద్దండీ!" ఏడో తరగతి మొత్తం అరిచింది.

ఆమె చెయ్యి సంచి మీదికి పోయింది.

బడి గేటు పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఆ ఫ్యూజులు పీకి, గంట కిందట ఆమె చేతిలో పెట్టి, లైను బాగుచెయ్యడానికి వెళ్ళాడు లైన్‌మన్. "నేనొచ్చి అడిగేదాకా ఎవరికీ ఇవ్వద్దు" అని ఒక్కమాట అన్నాడు. తన చేతికే ఎందుకిచ్చాడో ఆమెకు తెలుసు. అతనెక్కిన స్తంభం కాలువ మలుపు అవతల ఉంది. ఇక్కడికి కనబడదు.

చేపల చెరువుల ఆసామి హరిబాబు ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చాడు.

"మేడం గారూ, ఆ ఫ్యూజులిలా ఇవ్వండి. చెరువుల్లో గాలికొట్టే ఏరియేటర్లు ఆగి గంటయింది. గాలాడక చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయండీ!"

"ఆయన ఇంకా దిగలేదండీ."

"దిగాడు. మావాడు చూశాడు."

"దిగితే ఇక్కడికే వస్తారు కదండీ. వచ్చి అడిగితే ఇస్తాను."

"మీ భయం నాకు తెలీదా? నేనూ పెళ్ళాంబిడ్డలున్నవాణ్ణే. పోనీ, ఫోన్ చేసి కనుక్కోండి."

"స్తంభం మీదున్న మనిషికి ఫోన్ చెయ్యకూడదండీ."

ఆమె భర్త కూడా లైన్‌మనే. అతనితో పన్నెండేళ్ళు కాపురం చేసిన ఆమెకు ఆ సంగతి ఒకరు చెప్పాలా!

హరిబాబు విసురుగా వెనక్కి తిరిగి, గేటు దగ్గరున్న తన పనివాణ్ణి కేకేశాడు. "ఒరేయ్ విక్రమ్! ఆవిడ ఇవ్వకపోతే మానె. తీగముక్కలు పట్రా, చుట్టేద్దాం!"

ఫ్యూజు లేనిచోట తీగ చుట్టేయడం ఆ చుట్టుపక్కల చెరువుగట్ల మీద అందరికీ వచ్చిన విద్యే. రూతు గేటు దగ్గరికి పరిగెత్తింది. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజుల పెట్టె తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"ముందు నన్ను లాగి అవతల పడెయ్యండి. తరవాత చుట్టుకోండి."

ఆడమనిషి మీద చెయ్యి వెయ్యడానికి విక్రమ్ జంకాడు. హరిబాబు తిట్టాడు, బతిమాలాడు, చివరికి చేతులు జోడించాడు. ఆమెకు ప్రార్థన చేద్దామంటే "ప్రభువా, ప్రభువా" తప్ప ఇంకో మాట నోటికి రావడం లేదు. కదలదు మాత్రం.

ఎంతసేపటికో గట్టు మీద మోటార్‌సైకిల్ చప్పుడైంది. లైన్‌మన్ వచ్చాడు. ఒళ్ళంతా చెమట.

"ఇప్పుడే దిగాను" అన్నాడు.

హరిబాబు మొహం పాలిపోయింది. చేతిలో తీగముక్క ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

లైన్‌మన్ తలెత్తకుండా ఆమె ముందు చెయ్యి చాచాడు. రూతు సంచిలోంచి ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి ఆ చేతిలో పెట్టింది.

నిరుడు ఆమె భర్త స్తంభం మీద ఉండగానే, పని అయిపోయిందనుకొని ఫ్యూజులు పెట్టేసింది ఆ చెయ్యే.