వందకు వంద ఫోటాన్లు

“ఒకటేనా? మరీ అంత పిసినారితనమేంటమ్మా! ఓ గుప్పెడు పంపు,” అన్నాడు మామయ్య, చీకటిగదిలో కుర్చీ సర్దుకుంటూ.

“గుప్పెడైతే ఎవరికైనా కనిపిస్తాయి మామయ్యా,” అంది మేనకోడలు పక్కగది నుంచి మైకులో. “మనిషి కంటికి ఒకే ఒక్క ఫోటాన్ ఆనుతుందా లేదా అన్నదే కదా నా పరిశోధన.”

“పోనీ, గదిలో ఓ చిన్న బల్బు ఉంచుకోకూడదూ?”

“బల్బంటే కోట్ల కోట్ల ఫోటాన్లు. వాటిలో నా ఒక్కదాన్ని ఎక్కడని వెతుకుతావ్? కాంతిని విడగొట్టుకుంటూ పోతే, ఇక విడగొట్టలేని రవ్వ ఒకటి మిగులుతుంది. అదే ఫోటాన్. దారిలో అలలా వెళ్తుంది, చేరేటప్పుడు రవ్వలా దిగుతుంది.”

“మీ అత్త కూడా అంతే. పెళ్ళికని బయల్దేరేటప్పుడు ఒక మనిషి, అక్కడ దిగేటప్పుడు ఇంకో మనిషి.”

మేనకోడలు నవ్వే స్థితిలో లేదు. ఇప్పటికి పదకొండు మందిని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. ఎదురుగా ఉన్న పెట్టెకి ఎడమవైపు ఒక రెక్క, కుడివైపు ఒక రెక్క. కంప్యూటర్ లాటరీ వేసి ఏదో ఒకటి తెరుస్తుంది, అందులోంచి ఒక్క ఫోటాన్ బయటికొస్తుంది. ఎటునుంచి వచ్చిందో చెప్పాలి. పదకొండు మందీ సగం ఒప్పు, సగం తప్పు చెప్పి టీ తాగి వెళ్ళిపోయారు. బొమ్మా బొరుసా వేసుకున్నా అంతే వస్తుంది. ఇవాళ కూడా ఇదే తంతు అయితే ఈ గదిలో విరిగిన కుర్చీలు పెట్టించేస్తానని ప్రొఫెసర్ తేల్చి చెప్పేశాడు. అంటే నాలుగేళ్ళ చాకిరీ అటకెక్కినట్టే. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

అందుకే చివరి ఆశగా, చేతిగడియారాలు బాగుచేసే మామయ్యని పట్టుకొచ్చింది. ముప్పయ్యేళ్ళుగా ఆవగింజంత మరలతో కుస్తీ పడుతున్న మనిషి. ఆ చూపు ఇంకెవరికుంటుంది?

కళ్ళు చీకటికి అలవాటు పడాలని నలభై నిమిషాలు ఆగి, పెట్టె ఆన్ చేసింది.

“ఎటునుంచి వస్తే అటు చెప్పు మామయ్యా.”

“ఎడమ,” అన్నాడు మామయ్య. “కుడి. మళ్ళీ కుడి. అమ్మాయ్, ఆ ఫ్యాను ఆపు, ఇబ్బందిగా ఉంది.”

గాలి కళ్ళకి కొడుతోంది కాబోలనుకుని ఆపేసింది.

నలభైకి నలభై ఒప్పు. ఆమె వెంటనే కబురు పెట్టింది. కబురందుకుని ప్రొఫెసర్ పరుగున వచ్చాడు. “నేన్నమ్మను. నా కళ్ళెదుట ఇంకో అరవై చెప్పించు,” అని మైకు పక్కనే తిష్ఠ వేసి, ఖళ్ళుమని దగ్గాడు.

“ఆ దగ్గేదెవరో కాస్త ఆగమనమ్మా, ఒకటి తప్పిపోయేలా ఉంది,” అన్నాడు మామయ్య. ఎంత ఏకాగ్రతో అని ప్రొఫెసర్ నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

అరవైకి అరవై.

ప్రొఫెసర్ మేనకోడలి తలమీద చెయ్యి వేసి ఆశీర్వదించాడు. విరిగిన కుర్చీలకి వేరే గది చూస్తానన్నాడు. ఆమె ఆనందం పట్టలేక భోరుమంది. ఆమె కళ్ళు తుడుచుకునేలోగా ఆయన తనకు తెలిసిన నూట ఇరవై ప్రయోగశాలలకీ ఈమెయిల్ పంపేశాడు. ఆ తర్వాతే లైట్లు వేయించి, నోటుపుస్తకం తెరిచి, మామయ్య ముందు వినయంగా నిలబడ్డాడు.

“అయ్యా, మీరు సామాన్యులు కారు. ఒక్క ఫోటాన్ కంటికి ఎలా కనిపించిందో మీ మాటల్లోనే చెప్పండి, రాసుకుంటాను.”

మామయ్య మేనకోడలి వంక చూసి, సిగ్గుపడుతూ తల గోక్కున్నాడు.

“ఏమో సార్, రెక్క టిక్కుమన్న వైపు చెప్పానంతే. చీకటంటే భయమని మొదట్నుంచీ కళ్ళు మూసుకునే కూర్చున్నాను.”