కారుకు మడి

“ఈ నూనెలో జంతువుల కొవ్వేం కలవలేదు కదా?” డబ్బా మూత వాసన చూస్తూ అడిగాడు గురురాజారావు.

“లేదు సామీ, భూమిలోంచి తీసిందే. ముప్పై నంబరు. మన పొద్దుటూరు ఎండకు ఇంతకన్నా పలచనిది పోస్తే నీళ్లయిపోయి ఇంజను అరిగిపోతాది,” అన్నాడు దస్తగిరి.

జమ్మలమడుగు తెల్లడాక్టరు తన దేశం వెళ్లిపోతూ కారు అమ్మకానికి పెట్టాడు. పదేళ్లుగా దాన్ని నడిపిన దస్తగిరి ఆ ఉదయం తుడిచి, సీట్లకు ఉతికిన తెల్ల తొడుగులు వేసి, పులివెందులలో వ్రతానికి తీసుకెళ్లి నడిపి చూపించడానికి రావు ఇంటికి తెచ్చాడు. రావు కొంటే కారుతోపాటు డ్రైవరూ ఉంటాడు. కొనకపోతే దస్తగిరి ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. జమ్మలమడుగులో బయలుదేరినప్పటి నుంచి అతనికి ఒకటే దిగులు. సామి ఎన్ని ప్రశ్నలైనా వేయనీ, ఆ ఒక్కటి వేయకుంటే చాలు.

“ఆముదం పోస్తేనో? దేవుడి దీపానికి పోసేదే కదా.”

“పందేల కార్లకు పోస్తారంట సామీ. ఊరికే నిలబెడితే జిగురు కడతాది. మీరు కొంటే ఇది వారానికి ఒకసారి కదిలే బండి.”

“పెట్రోల్లో కిరసనాయిలు కలిపితే దుడ్లు మిగులుతాయని మా ఎదురింటి అనంతపద్మనాభం చెప్పినాడే.”

“ఆయప్ప కారు ఇప్పుడు యాడుంది సామీ?”

“షెడ్డులో.”

“ఇంక ఆడనే ఉంటాది.”

లోపల రావు భార్య రాజ్యలక్ష్మి నవ్వింది. “పులివెందులలో మా అక్కోళ్లు వ్రతం ముగించి ప్రసాదం కూడా పంచేసి ఉంటారు. ఆ కారుకు ఒక జంధ్యం కూడా వేసి బయల్దేరదీయండి.”

రావు వినిపించుకోలేదు. దస్తగిరి పెట్రోలు పోయడానికి గరాటులో పరుస్తున్న పసుపుపచ్చటి మెత్తని పేలిక వైపే చూస్తున్నాడు.

“అదేంది?”

“తోలు సామీ. పెట్రోల్లో నీళ్లుంటే ఆపేస్తాది.”

రావు రెండడుగులు వెనక్కి వేశాడు. “తోలా? వ్రతానికి పోయే బండి కడుపులోకి తోలు తగిలిన పెట్రోలా? తియ్యి ముందు.”

లోపలికి పోయి తన పాత పట్టుపంచె ముక్క తెచ్చి ఇచ్చాడు. దస్తగిరి దాంతోనే వడగట్టాడు. అంతలో రావు చూపు అతని కాళ్ల మీద పడింది.

“ఆ చెప్పులేంది?”

“అవీ తోలువే సామీ.”

“బండిలోకి రాకూడదు.”

దస్తగిరి చెప్పులు అరుగు కింద విడిచాడు. బండెక్కి కూర్చుంటే, ఎండకు కాలిన పెడల్ అరికాలికి పెనంలా తగిలింది.

రావు కారు చుట్టూ పసుపునీళ్లు చల్లాడు. భార్యను ఎక్కించి, తానూ ఎక్కి వెనక్కి వాలాడు. అతని ముఖం విప్పారింది.

“కొంటాండా. డాక్టరుకు చెప్పు. నువ్వూ ఉండు.” సీటు నిమిరాడు. “ఏం మెత్తన. ఈ సీట్లు ఎవరు కుట్టినారప్పా?”

స్టార్టరు మీద దస్తగిరి చెయ్యి ఆగింది.

“మా నాయన, సామీ. ఫకీర్ సాహెబ్.”

“శానా పనిమంతుడు. జపానికి కూర్చునేదానికి పూజగదిలోకి ఇట్లాంటిదే ఒకటి కుట్టియ్యమను.”

“అట్లే సామీ.”

కారు పులివెందుల దారి పట్టింది.

ఫకీర్ సాహెబ్ దూడతోలు తప్ప మరొకటి కుట్టి ఎరగడు.