దారి చూపిన కాకి

జోస్యం చీటీలు తీయించేవాడి పంజరంలోంచి చిలక తప్పించుకుంది. రెక్కలు కత్తిరించేశారు కదా, మూడు రోజులు నడిచి అడవికి చేరింది పాపం. చేరగానే కొమ్మల మీద పంచాయితీ కూర్చుంది.

"పంజరంలో గింజలు తిన్న పిట్టకి తొర్రలో చోటు లేదు. అది మన చట్టం," అంది పెద్దకొంగ. "అసలెందుకు వెళ్ళావ్?"

"జామతోట చూపిస్తానని కాకి మావ తీసుకెళ్ళాడు. అక్కడ తోట లేదు, వల ఉంది."

"నేను దారి చూపించానంతే! వల వేసింది నేనా?" అని కాకి కస్సుమంది. నిజమే, చట్టంలో వల వేసినవాడికే శిక్ష.

చిలక తల దించుకుంది. అంతలో పై తొర్రలోంచి దాని చిట్టిచెల్లెలు తొంగిచూసింది.

"మరి మావా, రేపు నన్నూ ఆ తోటకే తీసుకెళ్తానన్నావుగా?"

కాకి రెక్క విప్పేలోపే రెండు గద్దలు దాన్ని ఒడిసిపట్టాయి.

"ఇకమీదట దారి చూపినవాడికీ అదే శిక్ష," అంది కొంగ. "తిరిగొచ్చిన పిట్టని మాత్రం ఎందుకెళ్ళావని ఎవరూ అడగకూడదు."

చిలక తన చెట్టు వైపు నడక మొదలుపెట్టింది. ఎగరగలిగిన పిట్టలన్నీ కిందికి దిగి, దాని పక్కనే నడిచాయి.