చిన్నదొరకు తగిన బడి

"నోరు తెరువు బిడ్డా. ఆ, ఇంక జర."

మర్రిగూడ దిక్కున ఒక హాస్టలు వరండాలో బక్కయ్య ఒక పిల్లవాడి పైపెదవి ఎత్తి పళ్లు చూస్తున్నాడు. లోపలినుంచి వార్డెను పరుగెత్తుకొచ్చాడు.

"ఏం జేస్తున్నవయ్యా? వాడేమన్న సంతల కోడెనా?"

"బడి చూడనీకె వచ్చిన సారూ. పన్నెండేండ్ల పిలగానికి ముసలి గుర్రం పండ్లున్నయి. అన్నీ గారలే. గీ బాయి నీళ్లు మంచియి గావు."

"నువ్వేమన్న డాక్టరువా?"

"కాదు సారూ, గుర్రాలోన్ని."

నిజంగా గుర్రాలవాడే. కిషన్‌రావు దొర గడిలో ముప్పై ఏళ్లుగా గుర్రాలకు దాణా పెడుతున్నాడు. దేశ్‌ముఖీ పోయి పదేళ్లయింది. ఎనిమిది గుర్రాల్లో ఒక్కటి మిగిలింది. చింత చచ్చినా పులుపు చావదు కదా, ఆ ఒక్కదాని మీద చిన్నదొర సవారీ చేస్తాడు. పద్నాలుగేళ్లవాడు. ఐదో తరగతి మూడుసార్లు తప్పాడు. అయితేనేం, గుర్రమెక్కడం వచ్చు. బక్కయ్య కళ్లెం పట్టుకుని, అదే ఈడున్న బక్కయ్య కొడుకు ఎల్లస్వామి రికాబు పట్టుకుంటే చాలు, తానే ఎక్కేస్తాడు.

ఇంతటి విద్యకు తగిన బడి చవకలో వెతకాలి. దొర స్వయంగా పోతే ఫీజు బేరమాడుతున్నాడని నలుగురికీ తెలిసిపోతుంది. అందుకే బక్కయ్యను పంపాడు.

"గుర్రాన్ని చూసెటోనికి బడి చూసుడు ఎంత పనిరా? ఫీజు తక్కువుండాలె, మర్యాద ఎక్కువుండాలె. తప్పుడు బడి తెచ్చినవనుకో, మల్ల గడి మెట్లెక్కకు."

మర్రిగూడ నీళ్లు కాదనుకుని బక్కయ్య అచ్చంపేట బస్సెక్కాడు. అక్కడి బడి హెడ్మాస్టరు దొర పేరు వినగానే కుర్చీ వేయించాడు. వచ్చింది దొర కాదు, గుర్రాలవాడని తెలిసి ఆ కుర్చీ తీయించాడు.

"గుర్రానికి షెడ్డు కట్టిస్తం. చూసుకోనీకె బంట్రోతును పెడ్తం. దొరగారి కొడుకును పరీక్షల తప్పించే మొనగాడు మా బడిల లేడు," అన్నాడు.

బక్కయ్య తరగతి గదిలోకి తొంగి చూశాడు. చదువు రాకపోయినా ఆయనకు దుమ్ము ఆనవాలు తెలుసు. నల్లబల్ల మీది పాత రాతలకు దుమ్ము పట్టి చాలా రోజులైంది. పంతులు మాత్రం సుఖంగా నిద్రపోతున్నాడు.

చివరికి జడ్చర్ల అవతల ఫాదర్లు నడిపే బడికి వెళ్లాడు. బియ్యం వాసన చూశాడు, పక్కల కింద చెయ్యి పెట్టి చెమ్మ ఉందేమో చూశాడు, బావినీళ్లు తాగాడు. నలుగురు పిల్లల నోళ్లు తెరిపించాడు. ముసలి ఫాదరు నవ్వి తన నోరు కూడా తెరిచి చూపించాడు.

"పిల్లవాడు ఎంతవరకు చదివాడు?"

"ఐదు పాసైండయ్యా."

అబద్ధమాడితే గుటకలు మింగే మనిషి బక్కయ్య. ఈసారి గుటక పడలేదు.

"గుర్రం వచ్చా?"

"వచ్చా ఏంది! జీను లేకున్న ఉరికిస్తడు."

ఫాదరు ముఖం విప్పారింది. "ఊళ్లు తిరగడానికి నాకో గుర్రముంది. ఎవరినీ దగ్గరికి రానివ్వదు. దాన్ని చూసుకునే పిల్లవాడుంటే తిండికీ పడకకీ ఏమీ తీసుకోము. ఒక్కడికే చోటుంది, రాసుకోనా?"

బక్కయ్య ఆలోచించలేదు. ఫాదరు చెవిలో పేరు చెప్పాడు, పుస్తకంలో వేలిముద్ర వేశాడు. బయటికొచ్చాక మాత్రం వేలి సిరాను గోడకు రుద్ది చెరిపాడు. దొరను అడగకుండా పెట్టిన వేలు! దొర నోట అడ్డంగా ఒక్క మాట వస్తే అంతా బూడిదే.

మర్నాడు గడిలో దొర పడకకుర్చీలో వాలి మూడు బళ్ల సంగతీ విన్నాడు.

"జడ్చర్లల ఫీజెంతరా?"

"ఏం లేదు దొరా."

దొర లేచి కూర్చున్నాడు. కళ్లు మెరిశాయి.

"ఊరికెనే పెడ్తరా?"

"ఊరికెనే గాదు. ఫాదరు గుర్రం లద్దె ఎత్తాలె."

"ఎవలు?"

"చదివెటోడే దొరా. ఎవని పళ్లెం వాడే కడుక్కోవాలె. మా అసోంటోళ్ల పిల్లలు పక్కపొంటి కూసుండి తింటరు. ఎవల కొడుకని ఎవలు దండం పెట్టరు. తప్పితే తప్పినట్టే రాస్తరు."

దొర ముఖం కందగడ్డయింది. "థూ! నా కొడుకు లద్దె ఎత్తుడా? ఆడ నా పేరు గిట్ల చెప్పినవా?"

"మైసమ్మ తోడు. మీ పేరు నోట్లెకు రానియ్యలే దొరా."

"బతికినవ్. అచ్చంపేటనే ఖాయం. రెండు పైసలు ఎక్కువైనా మర్యాద తెలిసినోళ్లు." దొర మీసం దువ్వుకున్నాడు. "గుర్రం గూడ ఆడికే పోతది. నువ్వు బండెద్దులను చూసుకో. ఇగ నీ కొడుకు ఎల్లస్వామికి ఈడ పనేమున్నదిరా? తిండి దండగ. ఎటన్న పొమ్మను."

"అట్లనే దొరా," అని బక్కయ్య వంగి దండం పెట్టాడు. చాలాసేపు తల ఎత్తలేదు. నమ్మిన బంటు మనసు నొచ్చుకున్నట్టుందని దొరకే కొంచెం జాలేసింది.

ఫాదరు పుస్తకంలో ఆ వేలిముద్ర పక్కన రాసి ఉన్నది ఎల్లస్వామి పేరే.